చెవిలో పడ్డ మాట, చేతిలో ఉన్న పని

ఇది వసుంధరకీ, వాళ్ళ మేనమామకీ మధ్య జరిగిన వాదన. వసుంధర నెల్లూరు జిల్లా అల్లూరు వైపు రొయ్యల గుంటల మీద తిరుగుతూ మేత కంపెనీ తరఫున రైతులకు సలహాలు చెప్తుంది. మామయ్య కావలిలో ఎకనామిక్స్ లెక్చరరుగా చేసి రిటైరయ్యాడు. తగువుకి కారణం వసుంధర తమ్ముడు చిన్నా. చీమకుర్తిలో ఒక గ్రానైట్ ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. కొంతకాలంగా ఒక మోటివేషనల్ స్పీకర్ ఆడియోలు తప్ప ఇంకేమీ వినడం లేదు. ఇప్పుడు ఉద్యోగం మానేస్తాడట. ఆ స్పీకర్ హైదరాబాదులో పెట్టే మూడు రోజుల శిక్షణకు 40 వేలు కట్టి, ఆ తర్వాత తానూ స్పీకరైపోతాడట. డబ్బు ఇవ్వాలా వద్దా అని వాళ్ళమ్మ తన తమ్ముణ్ణి పిలిపించి అడిగింది. నేను పక్కింటివాణ్ణి. శనక్కాయలు ఒలుస్తూ అంతా విన్నాను కాబట్టి నా మాటలు కూడా అక్కడక్కడా బ్రాకెట్లలో తగులుతాయి.

మామయ్య: అక్కా, ఒక్క రూపాయి ఇవ్వొద్దు. ఆ గొంతు నేనూ విన్నాను, బస్సులో నా పక్క సీటువాడు ఫోను పెద్దగా పెట్టుకుంటే. నీలో సింహం ఉంది, నిద్ర లేపు అంటాడు. లేపుతాం సరే, దానికి మేత ఎవరు వేస్తారు?

వసుంధర: మామా, నువ్వు 40 వేల గురించి మాట్లాడుతున్నావా, ఆడియోల గురించా? డబ్బు సంగతి తర్వాత చూద్దాం. రికార్డింగులు వింటే ఎవరి ఉద్యోగమూ బాగుపడదంటే మాత్రం నేనొప్పుకోను. నాది బాగుపడింది.

మామయ్య: నీది బాగుపడింది నీ బీజెడ్‌సీ డిగ్రీ వల్ల.

వసుంధర: మా బ్యాచ్‌లో అందరిదీ అదే డిగ్రీ. నేను ల్యాబులో కూర్చుని సీసాల్లో నీళ్ళు పరీక్ష చేసేదాన్ని. పీహెచ్ ఎంత, ఆల్కలినిటీ ఎంత, అమ్మోనియా ఎంత అని కాగితం మీద రాసి కిటికీలోంచి ఇచ్చేదాన్ని. ఏందమ్మా దీనర్థం అని రైతు అడిగితే మా సారు వైపు చెయ్యి చూపించేదాన్ని. తెలియక కాదు, నోరు పెగిలేది కాదు. అప్పట్లో స్కూటీ మీద వెళ్తూ ఆడియోలు వినేదాన్ని. ఒకదాంట్లో ఆయన ఒకే ఒక్క పని చెప్పాడు. ఇవాళ ఎవరితో మాట్లాడాలంటే నీకు భయమో ఆ పేరు పొద్దున్నే చీటీ మీద రాసుకో, మొదట వాళ్ళ దగ్గరికే వెళ్ళు అని.

మామయ్య: ఇంతోటి మాటకు స్పీకర్ కావాలా? మీ అమ్మమ్మ చెప్పేది.

వసుంధర: అమ్మమ్మ చెప్తే నేను వినలేదు. అది వేరే సంగతి. మొదటి చీటీ మీద ఒక పెద్దాయన పేరు రాశాను. ఆయన గట్టు మీద నిలబడి అరిస్తే కూలీలు పరుగులు పెట్టేవాళ్ళు. తెల్లవారుజామునే వెళ్ళాను. గుంటలో ఆక్సిజన్ సూర్యుడు రాకముందే బాగా పడిపోతుంది, రీడింగ్ ఆ వేళే తీయాలి. మీటరు ముంచి చూసి, రొయ్యలు మేత తింటున్నాయో లేదో చూసే చెక్ ట్రే పైకి లాగమన్నాను. రాత్రి వేసిన మేత ట్రేలో అట్లాగే ఉంది, నీళ్ళకు ఉబ్బిపోయి. 'మేత ఎక్కువవుతోందండీ, ఇవాళ తగ్గించండి' అన్నాను. నీళ్ళలోకి గాలి పంపే ఏరేటర్ల చప్పుడులో ఆయనకు వినపడలేదు. ఈసారి అరిచి చెప్పాను. అరిచాక నాకే కాళ్ళు వణికాయి. ఆయన ట్రే చూశాడు, నన్ను చూశాడు. 'ఎంత తగ్గించమంటావు?' అన్నాడు.

(సాగు ఖర్చులో సగం దాకా మేతకే పోతుంది. ఆ ప్రశ్న వేశాడంటే ఆయన ఆ పిల్లని లెక్కలోకి తీసుకున్నాడన్నమాట.)

మామయ్య: ట్రేలో మేత మిగిలిందని కనిపెట్టింది నీ చదువు. ఆ గొంతు కాదు.

వసుంధర: కనిపెట్టడం అంతకుముందు నుంచీ వచ్చు మామా. కాగితం మీద రాసి కిటికీలోంచి ఇవ్వడం దగ్గరే ఆగిపోయాను. అక్కణ్ణుంచి గట్టు మీదికి నడిపించింది ఆ ఆడియోనే. తర్వాతే కదా కంపెనీవాళ్ళు పిలిచి ఉద్యోగం ఇచ్చింది.

మామయ్య: సరే, రొయ్యల మాట నువ్వే ఎత్తావు కాబట్టి నాదీ విను. తొంభైల మొదట్లో మన సముద్రపు ఒడ్డంతా టైగర్ రొయ్యల పిచ్చి. స్కూలు మాస్టర్లు, బ్యాంకు క్లర్కులు, మాలాంటి లెక్చరర్లు అందరూ దిగారు. ఇస్కపల్లి దగ్గర మేం ముగ్గురం కలిసి గుంటలు లీజుకు తీసుకున్నాం. మాకు ఆత్మవిశ్వాసం లేదనుకున్నావా? మొదటి పంట చేతికొచ్చాక మాకున్న ఆత్మవిశ్వాసం ఇవాళ నీ స్పీకర్‌కు కూడా ఉండదు. 94, 95లో వైట్ స్పాట్ వచ్చింది. రొయ్యలు గట్టు అంచులకు వచ్చి తేలడం, పెంకు మీద తెల్ల మచ్చలు, నాలుగు రోజుల్లో గుంట ఖాళీ. పాజిటివ్‌గా ఆలోచించే రైతు గుంటకీ, ఏడుస్తూ కూర్చునే రైతు గుంటకీ ఆ వైరస్ తేడా చూపించలేదు.

వసుంధర: తేడా చూపిస్తుందని నేనెప్పుడన్నాను?

మామయ్య: నువ్వు అనలేదు. వాళ్ళంటారు. ఓడిపోయావంటే నీ మైండ్‌సెట్‌లోనే లోపం ఉందంటారు. నాకు మండేది అక్కడే. మళ్ళీ ఈ రంగం ఎట్లా లేచిందో నాకంటే నీకే బాగా తెలుసు. 2009లో వనామీ అనే రొయ్య రకానికి అనుమతిచ్చారు. విదేశాల నుంచి వ్యాధి లేని తల్లి రొయ్యల్ని తెచ్చి, చెన్నైలో క్వారంటైన్‌లో పెట్టి పరీక్ష చేసి, సీడ్, అంటే రొయ్య పిల్లల్ని, తయారుచేసే హేచరీలకు పంపారు. లేపింది ఆ సీడ్. స్పీచ్ కాదు.

(ఇక్కడ మామయ్య గెలిచినట్టేననుకున్నాను. వసుంధర కాసేపు మాట్లాడలేదు కూడా. కానీ ఆ అమ్మాయి మౌనం ఒప్పుకోలు కాదు, వాయిదా.)

వసుంధర: నిజమే మామా. గాలి, వాన, వైరస్, ధర, వీటి ముందు ఆడియో దండగే. కౌంటు ధర, అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగాయో చూసి కట్టే ధర, ఒక్కసారి పడిపోతే నేను కూడా రైతుకి మోటివేషన్ చెప్పను. చెప్తే నన్ను గుంటలో తోస్తారు. కానీ నువ్వొకటి మర్చిపోతున్నావు. ఈ రికార్డింగులు పుట్టింది నిన్నా మొన్నా కాదు, పుట్టింది గాలికీ కాదు. ఎర్ల్ నైటింగేల్ అని అమెరికాలో రేడియో మనిషి ఉండేవాడు. ఆయనకు చిన్న ఇన్సూరెన్స్ ఏజెన్సీ కూడా ఉండేది. 1956లో కొన్నాళ్ళు ఊళ్ళో ఉండననీ, తను లేనప్పుడు సేల్స్‌మెన్‌కి వినిపించమనీ ఒక ప్రసంగం రికార్డు చేసి పెట్టాడు. వాళ్ళు విని, మాకో కాపీ అంటే మాకో కాపీ అన్నారు. అది పది లక్షలకు పైగా అమ్ముడుపోయింది. పాట లేని ఉత్త మాటల రికార్డుకు గోల్డ్ డిస్క్ రావడం అదే మొదలంటారు. ఏ మార్పూ తేకపోతే అంతమంది ఎందుకు కొంటారు?

మామయ్య: ఆగాగు. ఇంకోసారి చెప్పు. ఎవరి కోసం రికార్డు చేశాడన్నావు?

వసుంధర: తన ఏజెన్సీలో సేల్స్‌మెన్ కోసం.

మామయ్య: అది! వాళ్ళకు అప్పటికే ఉద్యోగం ఉంది. చేతిలో అమ్మడానికి పాలసీ ఉంది. ఆ పొద్దున వెళ్ళి తట్టాల్సిన తలుపులు ఉన్నాయి. విని బయటికెళ్తే సాయంత్రానికి ఫలితం తెలిసిపోతుంది. నీదీ అంతే, గుంట ఉంది, మీటరు ఉంది, రైతు ఉన్నాడు. మీ తమ్ముడు ఉన్న పని వదిలేసి వింటానంటున్నాడు. విని లేచి ఎక్కడికి పోతాడు? ఇంకో ఆడియో దగ్గరికి.

వసుంధర: (నవ్వి) నా రాయితో నన్నే కొట్టావు. సరే, జిమ్ రోన్ సంగతి చెప్తాను. ఆయన అమెరికాలో పెద్ద స్టోరులో గుమాస్తా. పాతికేళ్ళ వయసు, అప్పులు. 1955లో ఎర్ల్ షోఫ్ అనే వ్యాపారి ఉపన్యాసం విన్నాడు. ఆ ఒక్క సాయంత్రంతో ఆయన దారి మారిపోయింది. తర్వాత ఆయన క్యాసెట్లు ఎంతోమందికి చేరాయి. ఆయన దగ్గరే టోనీ రాబిన్స్ కుర్రతనంలో సెమినార్ల టికెట్లు అమ్ముతూ పైకొచ్చాడు.

మామయ్య: రోన్ ఆ సాయంత్రం విని ఇంటికెళ్ళి పడుకున్నాడా?

వసుంధర: లేదు. షోఫ్ దగ్గర చేరి, కొన్నేళ్ళు పనిచేశాడు.

మామయ్య: రాబిన్స్ కూడా రోన్ దగ్గర పనిచేసి నేర్చుకున్నాడు, నువ్వే అన్నావు. మనిషి పక్కన మనిషి ఉన్నాడమ్మా. తప్పు చేస్తే తిట్టడానికి, జీతం ఇవ్వడానికి, నలుగురికి పరిచయం చేయడానికి. మన ప్రకాశం పంతులు గారిని చూడు. తండ్రి పోతే తల్లి ఒంగోలులో భోజనాలు పెట్టి పిల్లల్ని సాకింది. హనుమంతరావు నాయుడు గారనే మాస్టారు ఈ కుర్రాణ్ణి చేరదీసి, తను రాజమండ్రి వెళ్తూ వెంట తీసుకెళ్ళి చదివించాడు. ఆ కుర్రాడే లండన్ వెళ్ళి బారిస్టరై వచ్చాడు, ముఖ్యమంత్రి అయ్యాడు, ఒంగోలు జిల్లాకే పేరయ్యాడు. మాస్టారు ఏ ఉపన్యాసం ఇచ్చాడో ఎవరికీ గుర్తు లేదు. వెంట తీసుకెళ్ళాడన్నదే గుర్తుంది.

వసుంధర: అందరికీ నాయుడు మాస్టారు ఎక్కడ దొరుకుతాడు మామా? ల్యాబు కిటికీ వెనక ఉన్న ఆడపిల్లని ఎవరు వెంట తీసుకెళ్తారు? తీసుకెళ్తానన్నవాళ్ళతో వెళ్ళనిస్తారా ఇంట్లో? నాకు దొరికిన మాస్టారు ఆ ఫోనే. ఊళ్ళో పెద్దమనుషుల పరిచయాలు ఉన్నవాళ్ళకు ఆడియో అక్కర్లేదు. ఎగతాళి చేసేది కూడా ఎక్కువగా వాళ్ళే.

(మామయ్యకు ఇది తగిలింది. వసుంధర ఉద్యోగం వెతుక్కునే రోజుల్లో ఆయన తలుచుకుంటే కావలిలో నలుగురికి చెప్పగలిగేవాడు. ఆ మాట ఇద్దరూ ఎత్తలేదు, నేనెందుకు ఎత్తాలి.)

మామయ్య: సరే, నా మాటా నీ మాటా పక్కన పెడదాం. పరిశోధనలు చేసినవాళ్ళున్నారు. గాబ్రియెల్ ఓటింగెన్ అని జర్మన్ సైకాలజిస్టు, డోరిస్ మేయర్‌తో కలిసి 2002లో ఒక అధ్యయనం ప్రచురించింది. చదువైపోయి ఉద్యోగాలు వెతుక్కునేవాళ్ళని తీసుకున్నారు. మంచి ఉద్యోగం వచ్చేసినట్టు, అంతా బాగున్నట్టు ఎక్కువగా ఊహించుకునేవాళ్ళు తక్కువ దరఖాస్తులు పెట్టారు. రెండేళ్ళ తర్వాత చూస్తే వాళ్ళకు వచ్చిన ఆఫర్లు తక్కువ, జీతాలూ తక్కువ. కళ్ళు మూసుకుని నీ కారును చూడు, నీ ఇంటిని చూడు అని వీళ్ళు చేయించేది అదే కదా. ఊహలోనే కడుపు నిండితే ఇంక లేచేదెవరు?

వసుంధర: ఆ అధ్యయనంలో రెండో సగం కూడా చెప్పు.

మామయ్య: ఏంటది?

వసుంధర: నాకు ఉద్యోగం వస్తుంది అని గట్టిగా నమ్మినవాళ్ళు బాగా రాణించారు. ఊహల్లో తేలడం వేరు, నమ్మకం వేరు అని కదా ఆవిడ తేల్చింది.

మామయ్య: ఆ నమ్మకం ఊరికే రాదు. అంతకుముందు చేసి చూసిన అనుభవం నుంచి వస్తుంది. పరీక్ష పాసైనవాడికి వచ్చే పరీక్ష మీద నమ్మకం ఉంటుంది.

వసుంధర: మరి ఒక్కసారి కూడా చేసి చూడనివాడి సంగతేంటి? ఆ మొదటిసారికి ముందు ఎవరో ఒకరు వెనక నుంచి తోయాలి. నేను ఆడియోకి ఇచ్చే విలువ అంతవరకే. 2019లో అమెరికాలో పన్నెండు వేల మంది తొమ్మిదో తరగతి పిల్లల మీద ఒక అధ్యయనం జరిగింది. తెలివి పెంచుకోవచ్చు, పుట్టుకతో ఆగిపోదు అని గంట కూడా లేని ఆన్‌లైన్ పాఠం చెప్పారు. వెనకబడ్డ పిల్లల గ్రేడు 0.1 పాయింటు పెరిగింది.

మామయ్య: 0.1! దీనికేనా ఇంత గొడవ?

వసుంధర: గంట లోపు పాఠానికి, పెద్ద ఖర్చేమీ లేకుండా! నీ క్లాసులో గంట కూర్చుంటే ఎంత పెరిగేదో ఎవరైనా కొలిచారా?

మామయ్య: (నవ్వు ఆపుకోలేక) కొలవకపోవడమే మంచిదైంది. కానీ ఆ అధ్యయనం నేనూ చదివాను. చుట్టూ ఉన్న పిల్లలు కష్టమైన లెక్కలకు సై అనే రకమైతేనే ఆ పాఠం బాగా పట్టింది. చుట్టుపక్కల వాతావరణం చల్లగా ఉంటే అంతగా పట్టలేదు. మళ్ళీ చుట్టూ ఉండే మనుషుల దగ్గరికే వచ్చాం. ఇంకో సంగతి. నెల్లూరు రొట్టెల పండగ చూశావు కదా. స్వర్ణాల చెరువులో దిగి ఉద్యోగం రొట్టె పట్టుకున్నవాడు, కోరిక తీరితే మరుసటేడు తానే రొట్టె తెచ్చి ఇంకొకరికి ఇస్తాడు. భక్తి జోలికి నేను పోను. కానీ తీరనివాడు రొట్టె తెచ్చి పంచడు కదా. నీళ్ళలో నిలబడి చూస్తే అందరికీ తీరినట్టే కనపడుతుంది. ఈ స్పీకర్ల వీడియోల్లో మైకు పట్టుకునేవాళ్ళూ అంతే. విని ఉద్యోగం మానేసి అప్పుల పాలైనవాణ్ణి స్టేజి ఎక్కించరు.

వసుంధర: అది ఒప్పుకుంటాను. అయినా రొట్టె పుచ్చుకునేవాడికి దొరికేది రొట్టె ఒక్కటే కాదు మామా. ఎదురుగా తనలాంటి మనిషే నిలబడి, నాకు వచ్చింది, నీకూ వస్తుంది అంటాడు. పేపరులో చదివిన గొప్పవాడి మాట కంటే అది బలంగా తగులుతుంది. నేను విన్నాయన కూడా మందుల కంపెనీలో రెప్రజెంటేటివ్‌గా డాక్టర్ల గుమ్మాల ముందు గంటలకొద్దీ నిలబడ్డ మనిషి. అందుకే చీటీ లాంటి మాట చెప్పగలిగాడు. చిన్నా వినేవాడి సంగతి నేనూ కనుక్కున్నాను. స్పీకర్ కాకముందు ఏం చేశాడంటే జవాబు లేదు.

మామయ్య: ఇదిగో, ఇప్పుడు దారిలోకొచ్చావు.

వసుంధర: నువ్వే నా దారిలోకొచ్చావు. ఆడియోలు పనికిరావు అన్నది నీ మొదటి మాట. ఇప్పుడు ఏ ఆడియో, ఎవరు విన్నారు, విని ఎక్కడికెళ్ళారు అని అడుగుతున్నావు. నేనూ అదే అంటున్నాను. 'రేపు పొద్దున ఈ పని చెయ్' అని చెప్పేవి ఉన్నాయి. 'నువ్వు మామూలోడివి కాదు' అని చెప్పేవి ఉన్నాయి. రెండో రకం వింటే ఎంత హాయిగా ఉంటుందంటే, ఇంకోటి వినాలనిపిస్తుంది. చిన్నా వినేవి ముప్పాతిక అవే. వాటిలో ప్రతి నాలుగోదీ ఉద్యోగమంటే బానిసత్వం అంటుంది. అదనే మనిషికి మాత్రం కెమెరా పట్టేవాడు, ఎడిటింగ్ చేసేవాడు, ఫోన్లు ఎత్తే అమ్మాయి, అందరూ జీతానికే!

మామయ్య: ఉచితంగా వినిపించి, తర్వాత 40 వేలు అడిగి, అక్కడికెళ్ళాక ట్రైనర్లకు ట్రైనింగ్ అని ఇంకో లక్ష అడుగుతారు. చివరికి అక్కడ అమ్మే ఉద్యోగం ఒక్కటే, ఇంకొకరికి ఇదే అమ్మడం.

(ఈ మాట దగ్గర ఇద్దరూ ఒకటయ్యారు. నాకైతే ఇక్కడే తెగిపోయింది. కానీ మేనమామా మేనకోడలూ ఒకటైతే పండగ పూట ఏం బాగుంటుంది, మళ్ళీ మొదలెట్టారు.)

మామయ్య: అందుకే ఒక్క రూపాయీ వద్దంటున్నాను.

వసుంధర: వద్దంటే వాడు అప్పు తెచ్చి కడతాడు. వాడికి వద్దని చెప్పేవాళ్ళంతా శత్రువులని కూడా ఆ ఆడియోల్లోనే చెప్పి ఉంచారు. అసలు వాడి పని ఎప్పుడైనా చూశావా? గెలాక్సీ రాయి స్లాబు పాలిష్ లైన్ మీంచి దిగగానే తడి తుడిచి, ఏటవాలుగా వంగి చూస్తాడు. నల్లటి రాయిలో ఆ బంగారు చుక్కలు ఒత్తుగా ఉన్నాయా, ఒక మూల పల్చబడ్డాయా, సన్న గీత ఏమైనా ఉందా అని. చేత్తో తడిమి గ్రేడు చెప్పేస్తాడు. అది వాడికొచ్చిన విద్య. కానీ చైనా నుంచి కొనేవాళ్ళు వస్తే యార్డు వెనక్కి పోయి దాక్కుంటాడు, ఇంగ్లీషులో మాట్లాడాలని. వాడి చీటీ మీద రాయాల్సిన పేరు ఆ బయ్యరుది.

మామయ్య: మరి ఏడాదిగా వింటున్నాడే, ఒక్క ఆడియో కూడా ఆ మాట చెప్పలేదా?

వసుంధర: చెప్పే ఉంటుంది. దాన్ని స్కిప్ చేసి ఉంటాడు. నేనూ ఎన్ని స్కిప్ చేశానో.

వసుంధర అమ్మ: (వంటింట్లోంచి) ఇంతకీ డబ్బు ఇమ్మంటారా, వద్దంటారా? పొద్దుననగా మొదలెట్టారు.

మామయ్య: వద్దక్కా.

వసుంధర: ఇవ్వమ్మా. కానీ ఉద్యోగం మానొద్దను. మూడు రోజులు సెలవు పెట్టి వెళ్ళి రమ్మను. వచ్చిన వారంలో బయ్యర్లతో వాడే మాట్లాడాలని చెప్పు.

మామయ్య: సెలవు పెడితే జీతం కోస్తారు.

వసుంధర: కోయనీ, అది వాడే భరించాలి. ఫీజులో సగం కూడా వాడే పెట్టుకోవాలి.

వసుంధర అమ్మ: సగం వాడి దగ్గరుంటే నన్నెందుకు అడుగుతాడే?